స్టీరింగ్ ఎందుకు వణుకుతోంది?

మొన్నటి ఎండాకాలం కమలాపురంలో మా అక్క కొడుకు రిమోట్ కారు చంకలో పెట్టుకుని వచ్చాడు. "మామా, సర్వో పోయింది. కొత్తది తెప్పిచ్చు." స్విచ్ వేస్తే ముందు చక్రాలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. వాడు రిమోట్ ముట్టుకోనైనా లేదు.

ఇలాంటప్పుడు చాలామంది వెంటనే సర్వో మార్చేస్తారు. ఒక్కోసారి కొత్తదీ అలాగే వణుకుతుంది.

ముందు చక్రాలను పక్కకు తిప్పే సర్వో అగ్గిపెట్టెకన్నా కాస్త లావుండే డబ్బా. లోపల చిన్న మోటారు, దాని వేగం తగ్గించి బలం పెంచే గేర్లు, ఒక సర్క్యూట్, ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటరు ఉంటాయి. మామూలు సర్వోకు, రిమోట్ సిగ్నల్‌ను అందుకునే రిసీవర్ నుంచి సెకనుకు సుమారు 50 పల్సులు వస్తాయి. పల్సు 1.5 మిల్లీసెకన్లుంటే చక్రాలు తిన్నగా ఉంటాయి. 1 వైపు తగ్గితే ఒక పక్కకు, 2 వైపు పెరిగితే రెండో పక్కకు తిరుగుతాయి. పల్సు చెప్పిన చోటినీ, పొటెన్షియోమీటరు చూపిన చోటినీ సర్క్యూట్ పోల్చి, తేడా పోయేదాకా మోటారును తిప్పుతుంది. వీటిలో ఏది తప్పు చెప్పినా మోటారు లేని తేడాను సరిచేయబోయి అటూ ఇటూ కొట్టుకుంటుంది.

కారును ఎత్తి పట్టుకుని చూశాం. థ్రాటిల్ నొక్కినప్పుడే వణికితే అనుమానం బ్యాటరీ మీదికి పోవాలి. పెద్ద మోటారు ఒక్కసారిగా కరెంటు లాగితే రిసీవర్‌కు వోల్టేజీ చాలదు. బ్రష్ మోటారైతే బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వలు కూడా సిగ్నల్‌ను చెడగొడతాయి. మాది నొక్కకుండానే వణికింది. పెద్ద మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ ప్లగ్గు తీసేసి, నాలుగు పెన్సిల్ సెల్లుల డబ్బా నుంచి రిసీవర్‌కు 6 వోల్టులిచ్చాం. సర్వో ప్లగ్గును థ్రాటిల్ చానల్లో పెట్టాం. వణుకు పోలేదు. చక్రాలకు కలిపే కడ్డీ ఊడదీసినా అంతే. కాబట్టి లోపం సర్వోలోనే ఉండొచ్చనిపించింది.

అయితే ఒక సంగతి కనబడింది. మెల్లగా తిప్పుతుంటే చివర్లలో నిలకడగా ఉంది, నడిమధ్యలో మాత్రం వణుకు. కారు ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కదా, పొటెన్షియోమీటరులోని కార్బన్ పట్టీ అక్కడే ఎక్కువ అరుగుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే ఒకచోట గరగరమనేది గుర్తుందా? లోపమూ అదే, భాగమూ అదే.

కింది నాలుగు స్క్రూలు విప్పాం. గేర్లను ఏ వరుసలో తీశామో కాగితం మీద అదే వరుసలో పేర్చాం. గ్రీజంతా సన్నటి దుమ్ముతో ముద్దకట్టింది. వీడి పందెమంతా ఎండిన పాపాఘ్ని ఏటి ఇసుకలోనే! రేడియో మెకానిక్‌లు కొట్టే కాంటాక్ట్ క్లీనర్ పొటెన్షియోమీటరులోకి ఒక్క చుక్కంత కొట్టి, ఇరుసును ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాం. దీనికి వంటనూనె, గ్రీజు పనికిరావు, ఉన్న దుమ్మును అవి ఇంకా పట్టుకుంటాయి. పట్టీ పూర్తిగా అరిగిపోయి ఉంటే ఏ స్ప్రే బాగుచేయలేదు, అప్పుడు కొత్తది కొనాల్సిందే.

మళ్లీ బిగించి స్విచ్ వేశాం. చక్రాలు తిన్నగా నిలబడ్డాయి. పిల్లోడు మాత్రం నమ్మక, వేలితో చక్రాన్ని పక్కకు నెట్టి, అది తిరిగి మధ్యకు వస్తుందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాడు.