దుప్పటి తీసి చూడండి

శంషాబాద్, కొత్వాల్‌గూడ వైపు వృద్ధాశ్రమాలలో పెద్దవారిని చేర్చేటప్పుడు చాలామంది గదులు, తోట చూసి తృప్తి పడుతుంటారు. మేము మాత్రం మంచం పట్టినవారి ఒళ్ళు చూడమంటాము. మీ అమ్మగారిని చూడబోయినప్పుడు దుప్పటి తీసి మడమలు, నడుము కింది ఎముక దగ్గర పరిశీలించండి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పడకపుండు మొదలైనట్లే. చామనఛాయ వారిలో ఎరుపు సరిగా తెలియదు. తడిమితే అక్కడ వేడిగానో గట్టిగానో తగులుతుంది.

ఒకే పక్కన ఎంతసేపు పడుకోబెడుతున్నారో అడగండి. సాధారణంగా రెండేసి గంటలకు పక్క మార్చాలి. రాత్రిపూట ఆ పని ఎవరిది? ఎక్కడ రాస్తున్నారు? మంచినీళ్ళు చేతికి అందేలా ఉండాలి. మాటిమాటికి బట్టలు మార్చాల్సి వస్తుందని నీళ్ళు తగ్గించేవారూ ఉన్నారు!

చెప్పినా పట్టించుకోకపోతే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.