కుర్చీకి కీళ్లనొప్పులు

పాత కుర్చీని బాగుచేద్దామనుకున్న మనిషి మొట్టమొదట చేసే పని రంగు డబ్బా కొనుక్కురావడం. నేనూ అదే చేశాను. మా తాతగారి టేకు కుర్చీ, చేతులున్నది, పేము అల్లికది, అటక మీద ఇరవై ఏళ్లు పడుకుని కిందికి దిగింది. దానికి లేత నీలం ఎనామిల్ పూశాను. వారం పాటు ఇంటికొచ్చినవాళ్లంతా బాగుందన్నారు. ఎనిమిదో రోజున మా బాబాయి అందులో కూర్చుని కాస్త వెనక్కి వాలాడు. బాబాయికేమీ కాలేదు గానీ, కుర్చీ కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకు చూశాయి.

పాత సామానుకి జబ్బు ఒంటి మీద కాదు, కీళ్లలో ఉంటుంది. ఇది తెలియడానికి నాకో డబ్బా రంగు ఖర్చయింది.

అసలు వైద్యం చేయదగ్గ సామానేనా అన్నది ముందు తేల్చుకోవాలి. వేలిగోటితో గట్టిగా నొక్కండి. దిగబడకపోతే చేవ ఉన్నట్టే. టేకు చేవని చెదలు అంత తేలిగ్గా ముట్టవు, వాటి ప్రతాపమంతా అంచుల్లో ఉండే తెల్లచెక్క మీదే. గుండుసూది తలంత రంధ్రాలు, కింద సన్నటి పొడి కనిపిస్తే అది చెదలు కాదు, చెక్క తొలిచే పురుగు. ఇక రంపప్పొట్టుని బంకతో అచ్చుపోసి, పైన నున్నటి కాగితం అంటించిన బల్లలున్నాయే, అవి ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే మళ్లీ మామూలు కావు, మర బిగిస్తే పట్టదు. వాటి మీద మన కళ చూపించి లాభం లేదు.

కీళ్ల సంగతికొద్దాం. కుర్చీలో అడ్డపట్టీ చివర నాలుకలా సన్నగా చెక్కిన భాగం ఉంటుంది. వడ్రంగులు దాన్ని కుసి అంటారు. కాలిలో తొలిచిన బెజ్జంలోకి ఆ కుసి దూరి కూర్చుంటుంది. చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో బిగుసుకుని తగ్గుతుంది. ఏటా ఇదే తంతు. కొన్నేళ్లకి లోపలి బంక పొడైపోయి కుసి వదులవుతుంది. అప్పుడు మనం మేకు కొడతాం. కొట్టిన రోజు కుర్చీ, అల్లుడొచ్చిన రోజు మామగారిలా నిటారుగా ఉంటుంది. చెక్క కదలడం మానదు, మేకు కదలదు. చివరికి మేకు వెంబడి చెక్క చీలుతుంది.

సరైన పద్ధతి, వదులైన కీలుని పూర్తిగా ఊడదీయడమే. విప్పేముందు ప్రతి జతకీ సుద్దముక్కతో ఒకే అంకె వేసుకోండి. లేకపోతే చివర్లో మీ చేతిలో కుర్చీ కాదు, పొడుపుకథ మిగులుతుంది. సుత్తితో నేరుగా కొట్టకుండా మధ్యలో ఓ చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టాలి. ఇప్పుడు పాత బంక వదిలించాలి. ఫెవికాల్ వచ్చింది 1959లో. అంతకుముందు కుర్చీలకి పశువుల ఎముకలు, తోళ్లు ఉడికించి తీసిన బంక వాడేవారు. అదైతే వేడినీళ్ల గుడ్డకి మెత్తబడుతుంది. తెల్ల బంకైతే బ్లేడుతో గీకాల్సిందే. ఈ పనిలో బద్ధకిస్తే మిగతాదంతా వృథా, ఎందుకంటే బంక పట్టేది చెక్కని, ఎండిన పాత బంకని కాదు. కుసి మరీ వదులుగా ఉంటే చిత్రిక పట్టినప్పుడు రాలే పల్చటి పొర ఒకటి దానికి అంటించి లావు చేయండి.

బిగింపుకి ఇనప పట్టకాలు కొననక్కర్లేదు. నాలుగు కాళ్ల చుట్టూ నూలుతాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టండి. మెలికకొద్దీ కీళ్లు దగ్గరికొస్తాయి. తాడు ఒరుసుకునే చోట గుడ్డ పెట్టండి. పైకి ఉబికిన బంకని తడిగుడ్డతో అప్పుడే తుడిచేయండి. సమతలమైన నేల మీద నిలబెట్టి, నాలుగు కాళ్లూ ఆనుతున్నాయో లేదో చూసుకుని, ఒక రోజంతా వదిలేయండి. మా ఇంట్లో ఆ రోజంతా కుర్చీకి ఎవరు ఉరి వేశారని అడగని మనిషి లేడు.

కూర్చునే చోటు పేము అల్లిక వట్టిగా జారిపోయి ఉంటే, తిరగేసి అడుగువైపు వేడినీళ్ల గుడ్డతో బాగా తడిపి ఆరనివ్వండి. ఆరేకొద్దీ బిగుస్తుంది. తెగితే మాత్రం మొత్తం కొత్తగా అల్లాలి. నానబెట్టిన పేముతో నిలువు రెండు, అడ్డం రెండు, ఏటవాలు రెండు, ఆరు వరసలు. కళ్లకన్నా వేళ్లకి ఎక్కువ పనిపెట్టే విద్య కాబట్టే అంధుల పాఠశాలల్లో దీన్ని వృత్తిగా నేర్పేవారు. అంత ఓపిక లేకపోతే నవారు ఉంది. మంచానికి అల్లినట్టే ఒకటి మీదుగా, ఒకటి కిందుగా పోనిచ్చి, కొసల్ని మడిచి చట్రం అడుగున చిన్న మేకులతో బిగించాలి. మడవకుండా కొడితే మేకు దగ్గర చిరుగుతుంది.

ఇక ఒంటి సంగతి. నా నీలం కింద ఎప్పటిదో ఆకుపచ్చ రంగొకటి బయటపడింది. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందటి రంగుల్లో ఎంతుందో చూసి చెప్పలేం. కాబట్టి పాత రంగుని పొడిగా గీకి ఆ దుమ్ముని పిల్లలున్న ఇంట్లోకి వదలకండి. ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని, నీళ్లతో తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దండి. ఎటు రుద్దినా చెక్క గీతల వెంబడే. సొట్ట పడ్డ చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క పైకి లేస్తుంది.

మెరుపు కోసం కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్లుంటారు. అది ఆరదు, దుమ్ముని పిలిచి కూర్చోబెడుతుంది. టేకుకి లక్క పాలిషే నయం. ఏటికొప్పాక బొమ్మలకి అందాన్నిచ్చేదీ ఈ లక్కే, కాకపోతే అక్కడ తిరిగే బొమ్మకి రాపిడి వేడితో పట్టించి మొగలాకుతో మెరుగు పెడతారు. మనకి అర లీటరు పాలిష్ స్పిరిట్‌లో వంద గ్రాముల లక్కరేకులు రాత్రి నానేస్తే చాలు, ఇనప డబ్బాలో కాదు, గాజుసీసాలో. స్పిరిట్ దగ్గర నిప్పు వద్దు. దూదిని పాత పంచె ముక్కలో మూటకట్టి, పాలిష్‌లో ముంచి, మధ్యలో ఆపకుండా ఒక కొస నుంచి ఇంకో కొసకి లాగాలి. ఆపిన చోట మూట అతుక్కుని మచ్చ పడుతుంది. పల్చగా ఎన్నిసార్లు వేస్తే అంత మేలు. ఆ తర్వాత దాని మీద వేడి టీ గ్లాసు పెట్టకండి, తెల్లగా గుండ్రటి ముద్ర పడుతుంది.

ముసురు పట్టిన రోజున మాత్రం లక్క జోలికి పోకండి. గాలిలో తేమకి పాలిష్ పాలిపోతుంది. ఎండ వచ్చేదాకా ఆగండి. ఇరవై ఏళ్లు ఆగిన కుర్చీ, ఇంకో నాలుగు రోజులు ఆగదా?