జీర్ణాశయ కాన్సర్: జన్యువులు జోస్యం చెబుతాయా?

ఇద్దరు రోగులను ఊహించుకోండి. ఇద్దరిదీ ఒకే వయస్సు. ఇద్దరికీ జీర్ణాశయంలో కాన్సర్ గడ్డ ఒకే దశలో బయటపడింది. ఒకే రకమైన శస్త్రచికిత్స జరిగింది. పదేళ్ళ తరువాత ఒకరు ఆరోగ్యంగా తమ పనులు తాము చేసుకుంటున్నారు. రెండోవారికి మాత్రం ఏడాదిన్నర తిరగకుండానే వ్యాధి తిరగబెట్టింది. ఎందుకీ తేడా?

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 9 లక్షల 68 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా సోకిందని, 6 లక్షల 60 వేల మంది దీనివల్ల మరణించారని అంచనా. మన దేశంలో దీని బెడద మిజోరం రాష్ట్రంలో చాలా ఎక్కువ. రోగ నిర్ధారణ కాగానే ప్రతి కుటుంబమూ డాక్టరును అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడు. ఇక ముందు ఎలా ఉంటుంది? ఏ మందు పనిచేస్తుంది? మా పిల్లలకు కూడా వస్తుందా?

ఒకప్పుడు వీటికి సమాధానం కోసం సూక్ష్మదర్శినినే ఆశ్రయించేవారు. గడ్డ జీర్ణాశయపు గోడలోకి ఎంత లోతుకు చొచ్చుకుపోయింది, లింఫు గ్రంథులకు పాకిందా, దూర అవయవాలకు చేరిందా అని చూసి దశను నిర్ణయించేవారు. 1965లో ఫిన్లాండుకు చెందిన లౌరెన్ అనే శాస్త్రవేత్త కణాల అమరికను బట్టి ఈ కాన్సర్‌ను రెండు ముఖ్య రకాలుగా విభజించాడు. ఇవన్నీ నేటికీ ఉపయోగపడుతున్నాయి. కాని మన ఇద్దరు రోగుల మధ్య తేడాను చెప్పడానికి ఇవి చాలవు. అందుకే పరిశోధకుల దృష్టి గడ్డలోని జన్యువుల మీదికి మళ్ళింది. 2014లో అమెరికా శాస్త్రజ్ఞులు 295 గడ్డలను పరీక్షించి, జన్యుపరంగా జీర్ణాశయ కాన్సర్ ఒక వ్యాధి కాదని, నాలుగు వేర్వేరు రకాలని తేల్చారు.

ప్రూఫులు దిద్దేవారు లేని అచ్చుకూటం

ఆ నాలుగింటిలో ఒక రకాన్ని పరిశీలిద్దాం. కణం రెండుగా విడిపోయే ముందు తన డి.ఎన్.ఎ.కు నకలు తీసుకుంటుంది. ఆ నకలులో తప్పులు దొర్లడం సహజం. అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవారిలాగే కణంలోనూ కొన్ని ప్రోటీన్లు ఆ తప్పులను వెతికి సరిచేస్తాయి. కొన్ని గడ్డల్లో ఈ దిద్దుబాటు యంత్రాంగం పాడవుతుంది. అప్పుడు ఒకే అక్షరం లేదా ఒకే చిన్న పదం పదే పదే వచ్చే చోట్ల తప్పులు ఎక్కువగా పేరుకుపోతాయి. ఇలాంటి చోట్లను మైక్రోశాటిలైట్లు అంటారు. వాటి పొడవు మారిపోతూ ఉంటే, ఆ గడ్డలో 'మైక్రోశాటిలైట్ అస్థిరత' ఉందంటారు.

ఇన్ని తప్పులున్న గడ్డ మరింత ప్రమాదకరం కావాలి కదా అని మీకు అనిపించవచ్చు. జరిగేది మాత్రం అందుకు విరుద్ధం. తప్పుల డి.ఎన్.ఎ. నుంచి వింత ప్రోటీన్లు తయారవుతాయి. వాటిని చూసి శరీర రక్షణ కణాలు గడ్డను శత్రువుగా గుర్తిస్తాయి. శస్త్రచికిత్స జరిగిన 1,556 మంది రోగుల వివరాలను, నాలుగు వేర్వేరు ప్రయోగాల నుంచి సేకరించి, 2019లో విశ్లేషించారు. అస్థిరత ఉన్నవారిలో 77.5 శాతం మంది, లేనివారిలో 59.3 శాతం మంది అయిదేళ్ళ తరువాత జీవించి ఉన్నారు. అంటే ఈ సూచిక మొదటి ప్రశ్నకు జవాబు చెబుతోందన్నమాట.

అయితే ఆ విశ్లేషణలోనే మరో విషయం బయటపడింది. అస్థిరత లేనివారికి శస్త్రచికిత్సతోపాటు కీమోథెరపీ కూడా ఇస్తే మేలు కలిగింది. ఉన్నవారిలో ఆ మేలు కనిపించలేదు. వీరి సంఖ్య కేవలం 121 కాబట్టి దీన్నే తుది తీర్పు అనుకోరాదు. ఈ రకం గడ్డలు ముదిరినప్పుడు, రక్షణ కణాలకున్న కళ్ళేన్ని వదులు చేసే మందులు చాలామందిలో పనిచేస్తున్నాయి. అలాంటి మందు పెంబ్రోలిజుమాబ్‌ను 2017లో అమెరికా, ఏ అవయవంలో పుట్టిన గడ్డకైనా సరే, ఈ అస్థిరత ఉంటే వాడవచ్చని అనుమతించింది.

మందును సూచించే గుర్తు

రెండో ప్రశ్నకు మంచి ఉదాహరణ హెర్-2. ఇది కణం ఉపరితలం మీద ఉండి 'పెరుగు' అనే సంకేతాన్ని లోపలికి చేరవేసే ప్రోటీన్. సుమారు ఐదోవంతు గడ్డల్లో ఇది అతిగా ఉంటుంది. జీర్ణాశయ కాన్సర్‌లో ఇది రోగి భవిష్యత్తును సూచిస్తుందా అన్న విషయంలో అధ్యయనాలు ఒకే మాట చెప్పడం లేదు. కాని మందు ఎంపికలో దీని విలువ నిరూపితమైంది. వ్యాధి ముదిరిన రోగులకు కీమోథెరపీతోపాటు ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇచ్చినప్పుడు, జీవితకాలపు మధ్యగత విలువ 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగిందని 2010లో ప్రకటించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హెర్-2 గడ్డ అంతటా సమానంగా ఉండదు. ఒకచోట ఉండి పక్కనే లేకపోవచ్చు. అందుకే ఎండోస్కోపీలో ఒక్క ముక్కతో సరిపెట్టక, గడ్డలో పలుచోట్ల నుంచి ముక్కలు తీసి పరీక్షించాలి.

కుటుంబంలో నడిచే లోపం

మూడో ప్రశ్నకు జవాబు గడ్డ పరీక్షలో కాక సాధారణంగా రక్తపరీక్షలో దొరుకుతుంది. న్యూజిలాండులోని ఒక మావోరీ కుటుంబంలో తరతరాలుగా ఎందరో చిన్న వయస్సులోనే ఈ వ్యాధితో చనిపోయారు. 1998లో గిల్‌ఫర్డ్ బృందం ఆ కుటుంబాన్ని పరిశోధించి, సి.డి.హెచ్.1 అనే జన్యువులో లోపం ఉందని కనుగొన్నది. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే ప్రోటీన్‌ను తయారుచేసేది ఈ జన్యువే. ఈ లోపం ఉన్నవారిలో కొందరు వ్యాధి రాకముందే జీర్ణాశయాన్ని తీయించుకుంటున్నారు. ఇలాంటి వంశపారంపర్య లోపాలు అరుదు. తండ్రికి జీర్ణాశయ కాన్సర్ వచ్చినంత మాత్రాన పిల్లలకు ఈ జన్యులోపం ఉందని భయపడనక్కరలేదు. దగ్గరి బంధువుల్లో పలువురికి, అందులోనూ చిన్న వయస్సులో వస్తే మాత్రం నిపుణులను సంప్రదించాలి.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు

కాబట్టి రిపోర్టులో ఒక జన్యువు పేరు కనిపించగానే ధైర్యం కోల్పోవడం గాని, నిశ్చింతగా ఉండిపోవడం గాని సరికాదు. "ఇది రోగం నడకను చెబుతుందా, మందును చెబుతుందా, కుటుంబానికి ఉన్న ముప్పును చెబుతుందా?" అని డాక్టరును అడగండి. 77.5 శాతం అన్నది ఒక సమూహానికి సంబంధించిన లెక్క. మీ ఎదుట ఉన్న ఒక్క రోగి ఆ లెక్కలో ఎటువైపు ఉంటాడో అది చెప్పలేదు. వ్యాధి ఏ దశలో బయటపడిందన్నది నేటికీ అన్నిటికన్నా ముఖ్యం. మానని అజీర్తి, కారణం లేకుండా బరువు తగ్గడం, నల్లటి విరేచనాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి. జన్యు సూచికలు ఉపయోగపడేది ఆ తరువాతే.