గోడకు అటు తీగ, ఇటు బాధ్యత

గత శీతాకాలంలో జరిగిన ఒక చిన్న సంఘటనతో ఈ వ్యాసం ప్రారంభిస్తాము. మగ్రిబ్ నమాజు తర్వాత, గల్ఫ్ దేశాలలో నివసిస్తున్న కొన్ని తెలుగు కుటుంబాల పిల్లలకు మేము ఇంటి నుండే ఇంటర్నెట్ ద్వారా ఖుర్ఆన్ పఠనం నేర్పుతుంటాము. తజ్వీద్ పాఠంలో ఒక్క అక్షరం వినబడకపోయినా ఉచ్చారణ మారిపోతుంది. ఉచ్చారణ మారితే అర్థమే మారిపోతుంది. అటువంటి పాఠం మధ్యలో ప్రతి సాయంత్రం స్వరం తెగిపోయేది. పిల్లవాని పెదవులు కదులుతుండేవి గాని శబ్దం వచ్చేది కాదు. మేము కంపెనీకి పలుమార్లు ఫిర్యాదు చేశాము. చివరకు తీగలు సరిచేసే యువకుడు ఇంటికి వచ్చినప్పుడు, మా వయసుకు గాని వృత్తికి గాని తగని మాటలు అతనితో అన్నాము.

అతడు ఎదురు చెప్పలేదు. వైఫై పెట్టె నుండి ఒక తీగను నేరుగా తన ల్యాప్‌టాప్‌కు కలిపి వేగం చూపించాడు. మేము డబ్బు చెల్లించిన వేగమంతా అక్కడ ఉన్నది. ఆ తర్వాత పెట్టెకు కలిసి ఉన్న పరికరాల జాబితా తెరిచాడు. పదిహేడు ఉన్నాయి! కుటుంబ సభ్యుల ఫోన్లు, రెండు టీవీలు, గేటు పైనున్న కెమెరా, మనుమని ట్యాబ్ - ఇవి మాకు తెలిసినవే. రెండు ఫోన్లు మాత్రం మా ఇంటివి కావు. పెట్టె ఇనుప బీరువా వెనుక ఉన్నది. అతడు అన్న మాట ఒక్కటే: “మౌలానా సాబ్, మా తీగ ఈ పెట్టె దాకానే. దాని తర్వాత ఏం జరుగుతుందో మాకు కనబడదు. తిట్లు మాత్రం మాకే వస్తాయి.”

ఒక వార్త అందినప్పుడు విచారించి నిజం తెలుసుకోకుండా ఎవరికీ హాని తలపెట్టరాదని అల్ హుజురాత్ సూరా బోధిస్తుంది. ఆ ఆయతును ఏటేటా విద్యార్థులకు బోధించే మేము, మా ఇంటి గోడల మధ్య ఉన్న లోపాన్ని పరుని నెత్తిన వేశాము. ఆ సిగ్గే ఈ విషయాన్ని లోతుగా తెలుసుకునేటట్లు చేసింది.

తీగ ముగిసే చోట

ఇంటర్నెట్ సంస్థ బాధ్యత ఇంటి పెట్టె దగ్గర ముగుస్తుంది. వినియోగదారుని అనుభవం మాత్రం పడకగదిలోని ఫోను దగ్గర నిర్ణయమవుతుంది. ఈ రెంటి మధ్య ఉన్నది గాలి. వైఫై సంకేతాలు ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాలపై ప్రయాణిస్తాయి. మొదటిది దూరం పోతుంది గాని ఇరుకైన దారి. దానిలో ఒకదానికొకటి అడ్డుపడని మార్గాలు మూడే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ళ వైఫైలు ఆ మూడు మార్గాలలోనే తోసుకుంటాయి. రెండవది వేగవంతమైనది గాని గోడలను అంతగా దాటలేదు. ఒక్క పాత ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంటే, తక్కిన పరికరాలన్నీ తమ వంతు కోసం ఆగవలసిందే. ఇవేవీ కంపెనీ తీగలో జరగవు. అయినా ఇంట్లో ఏ బొమ్మ ఆగిపోయినా మనం తిట్టేది కంపెనీనే.

అందుకే అనేక సంస్థలు దూరం నుండే పరిశీలించగల వైఫై పెట్టెలను ఇళ్ళలో అమర్చుతున్నాయి. దీని వలన లోపం త్వరగా తెలుస్తుంది. కాని ఇంట్లో ఏ పరికరం ఏ వేళ మేలుకొని ఉన్నదో కూడా పరులకు తెలిసిపోతుంది. మేలూ, భయమూ ఒకే పెట్టెలో వచ్చాయి.

ఒకే కాలువ, అనేక పొలాలు

మన గ్రామాలలో చెరువు నీటిని వంతులవారీగా పారించే నీరటి ఉండేవాడు. అందరి పొలాలకూ ఒకేసారి నిండుగా నీరు పారించగల కాలువ ఏ ఊరిలోనూ ఉండదు. ఫైబర్ ఇంటర్నెట్ కూడా అటువంటిదే. ఎక్కువగా వాడుకలో ఉన్న ‘జీపాన్’ పద్ధతిలో సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల సామర్థ్యం గల ఒక్క తీగను 32 లేక 64 ఇళ్ళకు పంచుతారు. ఇంటి నుండి బయటికి పోయే దారి అందులో సగమే. అందరూ ఒకేసారి వాడుకోరన్న అంచనాతోనే ఈ లెక్క నిలుస్తుంది.

ఇళ్ళలోని పరికరాలు ఈ అంచనాను దెబ్బతీస్తున్నాయి. మనిషి నిద్రపోతాడు గాని కెమెరా నిద్రపోదు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున చిత్రాన్ని నిరంతరం దూరపు సర్వర్‌కు పంపే ఒక్క కెమెరా రోజుకు సుమారు 21 గిగాబైట్లు పంపుతుంది; నెలకు ఆరు వందలకు పైగా. 2023 జనవరిలో భారత ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కిలోబిట్ల నుండి 2 మెగాబిట్లకు పెంచిందన్న విషయం గుర్తు చేసుకుంటే, ఒక్క కెమెరా బరువు ఎంతో తెలుస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరూ ఒకేసారి ఇళ్ళకు చేరినప్పుడు, మన దేశంలోని వీడియో సంస్థలు మొబైల్ నెట్‌వర్కులపై చిత్ర నాణ్యతను తగ్గించుకోవలసి వచ్చింది. అందరూ ఒకేసారి దప్పిక గొన్నప్పుడు కాలువ ఎంత ఇరుకో ఆనాడు తెలిసింది.

చిరునామాల కరువు మరొకటి. పాత పద్ధతిలో ఇంటర్నెట్ చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. వాటిలో చివరి భాగాలను 2011 ఫిబ్రవరిలో ప్రాంతీయ సంస్థలకు పంచివేశారు. కొత్త పద్ధతి వచ్చినా పాతది ఇంకా పోలేదు. అందుచేత సంస్థలు అనేక ఇళ్ళను ఒకే చిరునామా వెనుక ఉంచుతున్నాయి. ఆ ఇళ్ళలో ఒకటి తప్పు చేస్తే, వెబ్‌సైట్లు తక్కిన ఇళ్ళనూ అనుమానంగా చూస్తాయి.

మన కెమెరా, పరుల ఇంటిపై రాయి

అన్నింటికన్న తీవ్రమైన విషయం ఇది. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా ఇళ్ళలోని కెమెరాలను, వీడియో రికార్డర్లను, వైఫై పెట్టెలను లోబరచుకున్నది. అది చేసిన విద్య గొప్పదేమీ కాదు. కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డ్‌లు అరవైకి పైగా దాని వద్ద ఉన్నాయి. వాటిని ఒక్కొక్క తలుపు దగ్గరా ప్రయత్నించింది. మార్చుకోని తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆ సంవత్సరం అక్టోబరు 21న అటువంటి పరికరాల సమూహం ‘డిన్’ అనే అమెరికా సంస్థపై దాడి చేయగా, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అనేక మందికి గంటల తరబడి అందలేదు. మరుసటి నెలలో జర్మనీలో డాయిష్ టెలికాం వినియోగదారులు సుమారు 9 లక్షల మంది ఇంటి పెట్టెలు దెబ్బతిన్నాయి. మిరాయ్‌ను రాసిన ముగ్గురు అమెరికా యువకులు 2017 డిసెంబరులో న్యాయస్థానంలో నేరం అంగీకరించారు. కాని తమ కెమెరా పరుల ఇంటిపై రాళ్ళు రువ్విందని ఆ కెమెరాల యజమానులలో ఎందరికి తెలుసు?

ఇక్కడ ఇంటర్నెట్ సంస్థ ఇరకాటంలో పడుతుంది. చెడిన పరికరమున్న ఇంటి కనెక్షన్ ఆపితే ఆ ఇంటివారికి కోపం; ఆపకపోతే ఇతరులకు హాని. ఏ ఇల్లు చెడిందో కనిపెట్టాలంటే రాకపోకలను గమనించాలి. మితిమీరి గమనిస్తే అది కూపీ లాగడమవుతుంది. ఇతరుల గుట్టు వెదకడాన్ని అదే అల్ హుజురాత్ సూరా నిషేధించింది. అనుమతి లేనిదే ఇతరుల ఇళ్ళలో ప్రవేశించరాదని అన్ నూర్ సూరా ఆజ్ఞాపించింది. తీగ గుండా ప్రవేశించినా ప్రవేశమే.

దైవప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన ఓడ ఉపమానం సహీహ్ బుఖారీలో ఉన్నది. క్రింది అంతస్తువారు నీటి కోసం పైకి వెళ్ళి పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకని, తమ భాగంలోనే రంధ్రం చేసుకోదలుస్తారు. పైవారు ఊరకుంటే అందరూ మునుగుతారు. చేయి పట్టి ఆపితే అందరూ బ్రతుకుతారు. మార్చని పాస్‌వర్డ్ అటువంటి రంధ్రమే. “నా ఇల్లు, నా కెమెరా” అన్న మాట ఓడలో చెల్లదు.

తూకం ఇరువైపులా

తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. సంస్థలు ప్రకటనలో పెద్ద అంకె వేసి, ప్రక్కన చిన్న అక్షరాలలో ‘వరకు’ అని చేర్చడం, కాలువ చాలదని తెలిసీ కొత్త ఇళ్ళను కలుపుతూ పోవడం ఈ హెచ్చరిక పరిధిలోకి వస్తాయని మేము భావిస్తాము. మా ఇంట తప్పు మాదే అయినంత మాత్రాన, ప్రతి ఇంటా తప్పు వినియోగదారునిదే అనలేము. అదే సమయంలో, ఒక ఇంటికని తీసుకున్న కనెక్షన్‌ను ఒప్పందానికి విరుద్ధంగా నాలుగిళ్ళకు పంచి డబ్బు వసూలు చేసుకునే వినియోగదారుడు కూడా తన తూకం తాను చూసుకోవాలి.

ఇక మన ఇళ్ళ సంగతి. పెట్టెను, కెమెరాను కొన్న రోజే పాస్‌వర్డ్ మార్చాలి. నెలకొకసారి జాబితా తెరిచి తెలియని పరికరాలను తొలగించాలి. అతిథులకు వేరుగా ‘గెస్ట్’ వైఫై ఇవ్వాలి. కెమెరాలను, టీవీలను కూడా దానిపైనే ఉంచితే మరీ మంచిది. తయారీదారులు పంపే అప్‌డేట్లను వాయిదా వేయరాదు. పెట్టెను ఇంటి నడుమ, ఎత్తుగా పెట్టాలి. వేగం తగ్గితే ఫిర్యాదుకు ముందు తీగ కలిపి పరీక్షించాలి. కెమెరా కన్ను పొరుగువారి వాకిలిపై గాని, ఇంటి ఆడవారి ఏకాంతంపై గాని పడకుండా చూడాలి. రోజులో మూడు ఏకాంత వేళలలో సొంత బిడ్డలు సైతం అనుమతి అడగాలని ఖుర్ఆన్ ఆదేశిస్తుండగా, పడకగదికి ఎదురుగా ఒక కన్ను తగిలించి దాని తాళాన్ని మార్చకుండా వదలడం ఎంతటి అజాగ్రత్త!

ఆ యువకుడు వెళ్ళబోతుండగా మేము అతనిని ఆపి, అన్న మాటలకు క్షమాపణ అడిగాము. “పర్వాలేదు సాబ్, అలవాటే” అన్నాడతడు. ఆ ‘అలవాటే’ మమ్మల్ని ఎక్కువ బాధించింది. ఆ రెండు ఫోన్లు పొరుగింటి కుర్రవానివని తర్వాత తెలిసింది. పరీక్షలకు చదువుకుంటున్నాడు, అడగడానికి మొహమాటపడి మా మనుమని వద్ద పాస్‌వర్డ్ తీసుకున్నాడట. అతనిని మందలించలేదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, గెస్ట్ వైఫైలో మేమే అతనికి చోటిచ్చాము. పొరుగువాని హక్కు తీగలో కూడా ఉన్నది; అది అడిగి తీసుకునేది, ఎరిగి ఇచ్చేది కావాలి. పాఠం వేళకు మాత్రం టీవీలు ఆపుతున్నాము. ఇప్పుడు దూరదేశపు బిడ్డ పలికే ప్రతి అక్షరం మాకు స్పష్టంగా వినబడుతున్నది.

అల్లాహ్ మనకు అప్పగించబడిన ప్రతి అమానత్‌ను, అది కంటికి కనబడని తరంగమైనా సరే, న్యాయంగా నిలుపుకొనే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.