గోల్ఫ్ క్లబ్ ఫిటింగ్: లాంచ్ మానిటర్ మీద ఏ నంబర్ నమ్మాలి?

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ చూసి బోల్తా పడ్డ బ్యాచ్‌లో నేనూ ఒకడిని. గోల్ఫ్‌లో కూడా కొంచెంలో అదే పని చేసేవాడిని. ఇక్కడ డాలస్‌లో మా టీమ్‌లో సగం మందికి వీకెండ్ వస్తే గోల్ఫే. వాళ్లను చూసి నేనూ సెకండ్ హ్యాండ్‌లో ఒక ఐరన్ సెట్ తీసుకున్నా. ఆరు నెలలు ఆడినా బంతి టార్గెట్‌కి కుడివైపే పోయేది. నా స్వింగే తప్పనుకుని కోచింగ్‌కి బోలెడు డబ్బులు పోశా. క్లబ్ మీద డౌటే రాలేదు.

చివరికి ఫిటింగ్‌కి వెళ్లా. అక్కడ అసలు హీరో లాంచ్ మానిటర్ అనే గ్యాడ్జెట్. ట్రాక్‌మ్యాన్ లాంటివి డాప్లర్ రాడార్‌తో బంతిని ఫాలో అవుతాయి. జీసీక్వాడ్ లాంటివి హై స్పీడ్ కెమెరాలతో బంతి తగిలిన క్షణాన్నే ఫొటోలు తీస్తాయి. చిన్న గదిలో బంతి కొన్ని అడుగులు వెళ్లి తెరకు తగిలి ఆగిపోతుంది కదా, అంటే మిగతా ప్రయాణం అంతా లెక్కే. అందుకే రాడార్ ఉన్న చోట స్పిన్ సరిగ్గా దొరకడానికి బంతి మీద చిన్న మెటల్ స్టిక్కర్ అంటిస్తారు. అది లేకపోతే ఎందుకు లేదో అడగండి.

ఇక నేను పడబోయిన గొయ్యి. మొదటి షాపులో కొత్త 7-ఐరన్ చేతికిచ్చారు. నా పాతదానికంటే బంతి దాదాపు 15 గజాలు ఎక్కువ వెళ్లింది. స్క్రీన్ మీద ఆ నంబర్ చూస్తే ఎవరికైనా పిచ్చి ఎక్కుతుంది, కార్డు బయటికి తీసేశా కూడా. ఎందుకో డౌట్ వచ్చి ఫోన్‌లో స్పెక్స్ చూశా. ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో చెప్పేది లాఫ్ట్. నా పాత 7-ఐరన్ లాఫ్ట్ 34 డిగ్రీలు, కొత్తదానిది 29. నా పాత సెట్‌లో 6-ఐరనే 30 డిగ్రీలు! అంటే 6 కంటే నిటారుగా ఉన్న క్లబ్ మీద 7 అని రాశారు. ఇది పూర్తిగా మోసం అనను. కొత్త డిజైన్లలో బరువు కింద ఉంటుంది కాబట్టి తక్కువ లాఫ్ట్‌తో కూడా బంతి బాగానే లేస్తుంది. కానీ గ్రీన్ మీద పడ్డాక ఆగాలంటే బంతి నిటారుగా దిగాలి. అందుకే దూరంతో పాటు డిసెంట్ యాంగిల్ చూడండి. ఐరన్లకు 45 డిగ్రీల దగ్గర ఉంటే హ్యాపీ.

షాఫ్ట్ మీద ఉండే ఆర్, ఎస్ అక్షరాలదీ ఇదే కథ. వాటికి కామన్ స్టాండర్డ్ లేదు. ఒక కంపెనీ ఆర్, ఇంకో కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు. ఫాస్ట్ చార్జింగ్ పేర్లు గుర్తొస్తున్నాయా?

నా అసలు సమస్య రెండో చోట దొరికింది. అదే లై యాంగిల్, అంటే క్లబ్ నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్‌కీ నేలకీ మధ్య కోణం. నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. నా చేతులు పైన ఉండటంతో క్లబ్ ముందు కొస నేలకు తగిలి, మడమ లేచేది. అప్పుడు కుడిచేతివాళ్లకు క్లబ్ ముఖం కుడివైపు చూస్తుంది. టెస్ట్ చాలా సింపుల్: బంతి మీద మార్కర్‌తో గీత గీసి, అది నిలువుగా క్లబ్ ముఖం వైపు ఉండేలా పెట్టి కొట్టడమే. ముఖం మీద అచ్చు నిటారుగా పడితే ఓకే. నాది స్పష్టంగా వాలింది.

పింగ్ ఐరన్ల మీద ఉండే రంగు చుక్క చెప్పేది కూడా ఈ కోణమే, నలుపంటే స్టాండర్డ్. ఆ కంపెనీ పెట్టిన కార్స్టెన్ సోల్‌హైమ్ కూడా ఇంజినీరే, 1959లో గ్యారేజీలో పటర్లు చేస్తూ మొదలుపెట్టాడు.

నావి ఫోర్జ్‌డ్ ఐరన్లు కాబట్టి షాఫ్ట్ దిగే మెడ దగ్గర వంచి 2 డిగ్రీలు నిటారు చేశారు. కొత్త సెట్ ధరలో చిన్న ముక్క కూడా కాలేదు. కాస్ట్ క్లబ్బులు అంత తేలిగ్గా వంగవు, ముందే అడగండి.

మీరు వెళ్తే మీ పాత క్లబ్బూ తీసుకెళ్లి, రెండింటితో ఒకే రకం బంతి కొట్టండి. షోరూమ్‌లో ఉన్నాం కదా అని బలంగా ఊపకండి. చెత్త షాట్లు డిలీట్ చేస్తామంటే వద్దనండి. బంతులు ఎంత దూరం వెళ్లాయన్న దానికన్నా ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయో చూడండి.

ఇప్పుడు నా బంతి కుడికీ పోతోంది, ఎడమకీ పోతోంది. ఈసారి తప్పు గ్యారంటీగా నాదే, కోచింగ్ మళ్లీ బుక్ చేశా.