ఓవెను లేని యింట కైమా వంటలు



భారతమున నలోపాఖ్యానము చదువునపుడెల్ల ఒక ఘట్టము నాకు మిక్కిలి ముచ్చట గొలుపుచుండును. బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నున్న వంటవాడు నలుడగునో కాడో తెలిసికొనుటకై, దమయంతి కేశినిని పంపి, అతడు వండిన మాంసమును తెప్పించి రుచి చూచినది. చూచినంతనే ఆ చేతిని గుర్తించినది. నలునకు అగ్నిదేవుడు కోరినచోట పొడచూపునట్లు వరమిచ్చెనే గాని, తలుపు గల ఇనుపపెట్టె నిచ్చినట్లు ఎచ్చటను లేదు! ఈ మాట నాకు నేడేల జ్ఞప్తికి వచ్చినదో చెప్పెదను.

మా వారు ఉపాధ్యాయులు. బదిలీమీద కాజీపేటకు వచ్చి నాలుగేండ్లయినది. రెండు బర్నర్ల గ్యాసుపొయ్యి, అడుగు దళసరియైన గిన్నె, ఇనుప పెనము, ప్రెషరు కుక్కరు, ఒక రోలు, ఇవియే నా వంటయింటి సంపద. మేకమాంసము మా బోటి జీతగాండ్రకు పండుగనాటి మాట. పెద్దకూర కైమా దానికంటె చాల చవుక. 1977 నాటి చట్టముచే గోవధ నిషిద్ధమగుటవలన ఆ పేర అంగడిలో దొరకునది చాలవఱకు గేదెజాతి మాంసమే. అది తినని యిండ్లవారు ఇందలి వంటలన్నియు మేకకైమాతో చేసికొనవచ్చును; ఉడుకు కాలము మాత్రము కొంత తగ్గును.

గడచిన వర్షాకాలమున మా వారి స్నేహితులు భోజనమునకు వచ్చుచున్నారని తెలిసి, ఒక ఆంగ్ల వంటపుస్తకము చూచి, రెండంగుళముల మందమున కైమా బిళ్లలు చేసితిని. వానిని ఓవెనులో కాల్చవలెనని అందు వ్రాసియుండెను. ఓవెను లేకున్న నేమి, పెనముమీద పెద్దమంట పెట్టిన సరిపోవునని నా తెలివి. పైన నల్లగా కాలినవి, ఇల్లంతయు ఘుమఘుమలాడినది, వచ్చినవారు మెచ్చిరి. మా చిన్నవాడు సగము తిని, "అమ్మా, లోపల ఎఱ్ఱగా ఉన్నదే" యనెను. "అది రసమురా, తిను" అంటిని. ఆ రాత్రి మొదలు వానికి వాంతులు, విరేచనములు, జ్వరము. రెండు దినములు ఆసుపత్రిలో సెలైను ఎక్కించిరి. ఆ మంచముకడ కూర్చుండి నన్ను నేననుకొన్న మాటలు ఇచట వ్రాయను.

డాక్టరమ్మ చెప్పిన కారణము ప్రతి ఇల్లాలును తెలిసికొనదగినది. మాంసపు తునుకకు క్రిములు సాధారణముగ పైతట్టుననే అంటియుండును. వేడి తగిలినంతనే చచ్చును. అదే తునుకను మరలో వేసినప్పుడు పైనున్నదంతయు లోనికి పోయి ముద్ద యంతట కలిసిపోవును. కావున కైమా నడిబొడ్డువఱకు 71 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చేరవలెను. రంగు చూచి నమ్మరాదు. ఒక్కొక్కప్పుడు ఆ వేడి చేరకమునుపే గోధుమవన్నె వచ్చునట. వంట థర్మామీటరు గలవారు గ్రుచ్చి చూడవచ్చును. నావంటివారికి మార్గమొక్కటే: మందముగ చేయకుండుట, మూతపెట్టి నిదానముగ తడివేడిలో ఉడికించుట.

ఆ నిదానమును నాకు నేర్పినది మా పొరుగింటి పెద్దామె. హైదరాబాదు పాతబస్తీలో పుట్టి పెరిగినది. నేను ఆపా యని పిలుతును. పిల్లవానిని చూడవచ్చి, సంగతి విని, నన్ను కోప్పడలేదు. "మా ఇంట్ల గూడ ఓవెను లేకుండె, బిడ్డా. మూతమీద నిప్పులు పోసి దమ్ము పెడుతుంటిమి" అన్నది. మన దిబ్బరొట్టెకును వెనుకటివారు చేసినది అదియే గదా! మఱునాటినుండి ఆమె నా వంటయింటికే వచ్చి నేర్పసాగినది.

మొట్టమొదట కొనుట. అంగడిలో ముందే కొట్టి గుట్టగా పోసిన కైమా కొనరాదు. ఎముకలేని తునుక నేరి, మన కన్నులయెదుటనే మరలో వేయించవలెను. మర కడిగితివా యని అడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు. ఇంటికి తెచ్చి కైమాను కడుగుట మన యలవాటు, నేను మానితిని. ఆ నీరు తొట్టిలోను గట్టుమీదను చింది ప్రక్కనున్న కొత్తిమీరకు అంటునే గాని, కైమా శుభ్రపడదు. తెచ్చిననాడే వండుట మేలు. ఫ్రిజ్జులో నుంచినను రెండు దినములు మించనీయరాదు. పచ్చికైమా ముట్టిన చేతితో ఉప్పుడబ్బా తీయుట నా పాత దురలవాటు. ఇప్పుడు సబ్బు పొయ్యి ప్రక్కనే పెట్టుకొంటిని.

ఇక కూర. వెడల్పు గిన్నెలో అరకిలో కైమా, పసుపు, ఉప్పు వేసి, నూనె లేకయే నడిమి మంటమీద నుంచి, గరిటెతో గడ్డలు చిదుపుచుండవలెను. నీరూరును. ఆ నీరంతయు ఇగిరి, కొవ్వు కరగి చిటపటలాడువఱకు ఓపిక పట్టవలెను. తొందరపడి ఆ నీటిలోనే మసాలా వేసినచో నీచువాసన పోదు. నేను పదేండ్లు అట్లే వండితిని, మా వారు పదేండ్లు మాటాడక తినిరి. వేఱొక గిన్నెలో రెండు ఉల్లిపాయల తఱుగు ఎఱ్ఱగా వేచి, అల్లము వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, కారము, ధనియాలపొడి వేసి, పచ్చివాసన పోయినపిదప కైమా కలిపి, గ్లాసెడు నీరు పోసి మూతపెట్టవలెను. మేకకైమాకు 25 నిమిషములు, పెద్దకూరకు 40 నిమిషములు సన్నని సెగ చాలును. గ్యాసు పొదుపు కావలసినవారికి కుక్కరులో నాలుగు ఈలలు. ఈ కూర యొక్కటి చేతనైనచో, దించుటకు ముందు ఉడికించి మెదిపిన గోంగూర కలిపిన ఒక వంట, మెంతికూర వేసిన మఱియొక వంట, పచ్చిబఠాణీలు వేసినచో చపాతీలలోనికి ఇంకొకటి యగును.

ఉండలకు అరకిలో కైమాలో పుట్నాలపొడి నాలుగు చెంచాలు, నూరిన గసగసాలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు వేసి బాగుగ పిసికి, ఉసిరికాయంత చేయవలెను, అంతకు మించరాదు. మరుగుచున్న పులుసులో ఒక్కొక్కటిగ జారవిడిచి, పది నిమిషములు గరిటె పెట్టకయే గిన్నెను పట్టి కదుపుచుండవలెను. గట్టిపడినపిదప మూతపెట్టి మఱి 25 నిమిషములు. ఒక ఉండను విఱిచి చూచి గాని దింపవలదు.

అన్నిటికంటె నాకు నచ్చినది షికంపూరు. ఇందు కైమా ముందే పూర్తిగ ఉడికిపోవును. పెనము పని రంగు తెచ్చుట మాత్రమే. కావున నావలె భయపడినవారికి ఇది ధైర్యమిచ్చు వంట. అరకిలో కైమా, గంటసేపు నానిన శనగపప్పు అరగిన్నెడు, ఎండుమిర్చి ఆఱు, అల్లము, వెల్లుల్లి, దాల్చినచెక్క, నాలుగు లవంగములు, ఉప్పు, గ్లాసున్నర నీరు కుక్కరులో పెట్టి, పప్పు వ్రేళ్లనడుమ మెదియువఱకు ఉడికింపవలెను. మూత తీసి, గిన్నె అడుగున తడి లేకుండునంతవఱకు ఇగిర్చవలెను. నేను మొదటిసారి ఇచటనే తప్పితిని. కొంచెము తడి యున్నను పెనముమీద విచ్చిపోయి ఉప్మావలె నైనది. ఆపా నవ్వి, "ఇది గూడ తినేదే, చెంచా తీస్కరా" అన్నది.

ఆఱినపిదప రోట మెత్తగా రుబ్బి, నిమ్మరసము పిండి, తడి తోచినచో రెండు చెంచాల పుట్నాలపొడి కలుపవలెను. లోన పెట్టుటకు గుడ్డలో కట్టి నీరు కార్చిన గట్టిపెరుగు, సన్నని ఉల్లితఱుగు, పుదీన, పచ్చిమిర్చి. ముద్దను అరచేత పలుచగా ఒత్తి, నడుమ ఈ పెరుగు చెంచాడుంచి, అంచులు మూసి, బిళ్లగా అదిమి, పెనముమీద కొద్దిపాటి నూనెతో రెండువైపుల ఎఱ్ఱగా కాల్చవలెను. త్రుంపగనే లోని పెరుగు చల్లగా నాలుకకు తగులును. ఓవెనులో కాల్చినది ఇంతకంటె ఏమి బాగుండునో నేనెఱుగను.

మా యూరి రైల్వేవారిలో ఆంగ్లో ఇండియను కుటుంబములు పూర్వమునుండి కలవు. వారి బంగాళదుంప చాప్సును ఈ దారిదే: ఉడికిన దుంపల ముద్దలో పొడిపొడిగా నున్న కైమాకూర పెట్టి, గ్రుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడిలో దొర్లించి పెనముమీద కాల్తురు. మిగిలిన కూరకు ఇంతకంటె మంచి గతి లేదు. అయితే మిగిలినదానిని రెండుగంటలలోపల ఫ్రిజ్జులో నుంచవలెను. మఱల వాడునపుడు పొగలు వచ్చునట్లు కాచవలెను.

మా చిన్నవాడు ఇప్పుడు షికంపూరులను బడికి డబ్బాలో పెట్టుమని అడుగుచున్నాడు. పెట్టునది చూచుచునే యుండి, ఒక్కొక్కదానిని రెండుగా విఱిచి, లోపల ఏ రంగున్నదో చూచి, మఱల మూసి పెట్టుకొనుచున్నాడు. పెరుగంతయు కారిపోవుచున్నదని నేనేమియు అనుట లేదు.