పావురాల రెట్టా, పనిచెయ్యని మందులూ

ఆ చీపురు పక్కన పెట్టు, అమ్మలూ. ఏసీ డబ్బా మీద ఎండిన రెట్టను పొడిగా గీకావంటే దుమ్మై లేచి తిన్నగా ముక్కులోకి పోతుంది. ముందు నీళ్ళు చల్లి బాగా నాననివ్వు. ముక్కుకు మాస్కు కట్టుకో, చేతులకు గ్లవుజులు తొడుక్కో. తడి ఆరకముందే ఎత్తి కవర్లో మూట కట్టెయ్యాలి. ఇంత పట్టింపు ఎందుకో చెబుతా, కూర్చో.

ఎండిన రెట్టలో క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే ఫంగస్ కాపురం ఉంటుంది. 1955లో అమెరికాలో చెస్టర్ ఎమ్మన్స్ అనే ఆయన పావురాల గూళ్ళలో, పాత రెట్టలో దీన్ని పట్టుకున్నాడు. రెట్టలో తెల్లగా కనబడేది యూరిక్ యాసిడ్. అందులోని నత్రజని దీనికి మంచి తిండి. నీడపట్టున పాతబడిన రెట్టంటే దీనికి మరీ ఇష్టం.

మరి పావురానికి జబ్బు చెయ్యదా అంటావా? మామూలుగా చెయ్యదు. దాని ఒంటి వేడి 41, 42 డిగ్రీలు. ఆ వేడికి ఈ ఫంగస్ నీరసిస్తుంది. మన 37 డిగ్రీలకైతే సుఖంగా పెరుగుతుంది. అలాగని పావురాన్ని తిట్టి లాభం లేదు. చార్మినార్ దగ్గరా, మొజంజాహీ మార్కెట్ దగ్గరా గుప్పెళ్ళతో జొన్నలు చల్లి అన్నేసి పక్షుల్ని ఒక్కచోటికి చేర్చేది మనుషులే కదా.

నల్లసిరా కలిపి మైక్రోస్కోపులో చూస్తే ఈ ఫంగస్ అచ్చం నానబెట్టిన సబ్జా గింజలా ఉంటుంది. మధ్యలో గుండ్రటి కణం, చుట్టూ మందపాటి జిగురు పొర. ఆ పొర వల్లే మన రక్తంలోని తెల్లకణాలు దాన్ని మింగలేక తిప్పలు పడతాయి. ఇంకో కవచం కూడా ఉంది, మెలనిన్. అది బయటపడిన తీరు నాకెంతో ఇష్టం. అరకులోయలో చలికాలం పసుపుపచ్చగా విరబూసే వలిసె చేలు చూశావుగా? ఆ వలిసె గింజల రసం కలిపిన అగర్ అనే జెల్లీ మీద పెంచితే మామూలు ఈస్టులు తెల్లగానే ఉండిపోతాయి, ఇది మాత్రం గోధుమరంగుకు తిరుగుతుంది. గింజలో ఉన్న కెఫీక్ యాసిడ్‌తో మెలనిన్ చేసుకుంటుందన్నమాట. 1962లో జర్మనీలో స్టైబ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కిటుకు కనిపెట్టాడు. మన్యంలో పండే పంట, మెదడుకెక్కే జబ్బును గుర్తుపట్టే పరికరమైంది!

భయపడకు. దీన్ని పీల్చని నగరవాసి అరుదు. న్యూయార్క్ బ్రాంక్స్‌లో పరీక్షిస్తే రెండేళ్ళు దాటిన పిల్లల్లో ఎక్కువమంది రక్తంలో దీనికి విరుగుడుగా పుట్టిన యాంటీబాడీలు కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న ఒళ్ళు దీన్ని అణచిపెడుతుంది. ఒకరినుంచి ఒకరికి అంటుకోదు కూడా. ముప్పల్లా హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి, చాన్నాళ్ళుగా స్టెరాయిడ్లు వాడేవాళ్ళకి. వాళ్ళకు వారాల తరబడి తలనొప్పి, జ్వరం విడవకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి. మెదడు పొరలకు పాకిందంటే ప్రాణం మీదికొస్తుంది.

నాకు అసలు దిగులు మందుల గురించి. బాక్టీరియాకైతే బోలెడు యాంటీబయాటిక్కులున్నాయి. ఫంగస్ అలా కాదు, బంధుత్వం చూస్తే అది మొక్కలకంటే మనకే దగ్గర. దాన్ని చంపేది మనల్నీ బాధించకుండా ఉండటం కష్టం. క్రిప్టోకాకస్‌కు ముఖ్యమైన మందులు మూడే. యాంఫోటెరిసిన్ గట్టిదే కాని కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఫ్లూసైటొసిన్‌ను ఒక్కదాన్నే ఇస్తే ఫంగస్ త్వరగా లొంగకుండా పోతుంది. మిగిలిన ఫ్లూకొనజోల్ మీదే నెలల తరబడి ఆధారపడాలి. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉన్నట్టు ఫంగస్ పొరలో ఎర్గోస్టరాల్ ఉంటుంది. ఫ్లూకొనజోల్ దాని తయారీని ఆపుతుంది. కాని ఈ ఫంగస్ టక్కరితనం చూడు. మందు తగలగానే ఒకటో క్రోమోజోముకు అదనపు నకలు పుట్టించుకుంటుంది. మందు పట్టుకునే ఎంజైము జన్యువూ, మందును బయటికి తోసే పంపు జన్యువూ రెండూ ఆ క్రోమోజోములోనే ఉన్నాయి. మందు ఆపేస్తే ఆ నకలును వదిలేసుకుంటుంది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో 19 ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా వేసింది. అన్నిటికంటే పై వరుసలో పెట్టిన నాలుగింట్లో ఇదొకటి. యాస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ ఇంకొకటి. ఆ రెండోది కుళ్ళిన ఆకుల్లో, కంపోస్టులో, రెట్టలో కూడా పెరుగుతుంది. దానితో జబ్బుపడ్డవాళ్ళలో కొందరు జన్మలో ఫ్లూకొనజోల్ కుటుంబానికి చెందిన అజోల్ మందు మింగినవాళ్ళు కారు, అయినా మందు పనిచెయ్యలేదు. ఎందుకంటే ఆ ఫంగస్ పొలంలోనే ఆ మందుకు అలవాటుపడి వచ్చింది. వరిలో పొడ తెగులుకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ కూడా ఫ్లూకొనజోల్ కుటుంబానివే. నెదర్లాండ్స్‌లో పూలదుంపల చెత్తకుప్పల్లో ఇలాంటి మొండి రకాలు దొరికాయి. మన దేశంలోనూ దొరికాయి.

తెగుళ్ళ మందు మానెయ్యమనడం లేదు, పంట పోతే రైతు బతకలేడు. కాని తెగులు కనబడకముందే ముందుజాగ్రత్త పేరుతో కొట్టడం, షాపువాడు చెప్పాడని మోతాదు పెంచడం మానాలి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ మాట మీ మామయ్యకు నువ్వే చెప్పు. నేను చెబితే ఊ కొట్టి ఊరుకుంటాడు, నువ్వు చెబితే వింటాడు.